జైలు గేటు దాటాక మొదటి పని నంబరు: ప్రాజెక్టు డైరీ

బెయిల్ మీద బయటికొచ్చిన వాళ్లకు వాయిదా తేదీలు ఫోన్‌లో గుర్తుచేయడం, ఆగిపోయిన ఆధార్, బ్యాంకు పనులు మళ్లీ నడిచేలా చూడడం ఈ ప్రాజెక్టు. హైదరాబాద్‌లో చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల నుంచి వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టింది. శిక్ష పూర్తయినవాళ్ల కంటే విచారణ ఖైదీలను ముందు తీసుకున్నాం. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం వాళ్లే. పైగా గేటు దాటినంత మాత్రాన వాళ్ల కేసు తీరదు. వాయిదాకు రాకపోతే నాన్ బెయిలబుల్ వారంట్ వస్తుంది. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష పడే ఇంకో కేసు తగులుకుంటుంది.

వేరే ఊళ్లో ఇదే పని మొదలుపెట్టేవాళ్లు దశలవారీగా చూసుకోవచ్చు. ఎక్కడ ఆగిపోయిందో, ఏది ఎందుకు మార్చామో అన్నీ ఉన్నాయి.

దశ 1: యాప్ తీసేశాం

మొదటి నమూనా ఆండ్రాయిడ్ యాప్. తేదీలు, కాగితాల ఫొటోలు, లాయర్ నంబరు అన్నీ అందులోనే. అది మూడు చోట్ల ఆగింది.

1. లాగిన్‌కు ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చే నంబరు లోపలున్నప్పుడే చచ్చిపోయింది.
2. ఫోన్‌ను పోలీసులు స్వాధీనం చేసుకుని ఉంటే అది కేసు ప్రాపర్టీ. మనిషి బయటికొచ్చినా ఫోన్ రాదు.
3. ఫోన్ ఇంట్లో నలుగురూ చూస్తారు. తెర మీద కోర్టు బొమ్మ కనపడితే పనిచ్చే మేస్త్రీ దగ్గర ఆ రోజే మాట పోతుంది.

దాంతో యాప్ స్థానంలో నాలుగు వస్తువులు మిగిలాయి: కీప్యాడ్ ఫోన్, ఎస్సెమ్మెస్, మిస్డ్ కాల్, జేబులో పట్టే కార్డు. ఈ నాలుగింట్లో మూడింటికి ఆధారం సొంత పేరు మీద బతికున్న నంబరే. కాబట్టి పని అక్కడే మొదలవ్వాలి.

దశ 2: నంబరు బతికుందా?

లోపల ఉన్నంతకాలం బయట కొన్ని గడువులు వాటంతట అవే నడుస్తుంటాయి. మనిషి ఎన్నాళ్లు లోపలున్నాడో అడిగి, ఈ పట్టీ పక్కన పెట్టుకుంటే ఏవి పోయి ఉంటాయో ముందే తెలుస్తుంది.

- 90 రోజులు: వాడకం లేని ప్రీపెయిడ్ నంబరును అంతకు ముందు ఆపకూడదని ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నియమం. బ్యాలెన్స్ 20 రూపాయలుంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు.
- ఆపేశాక మరో 90 రోజులు: ఈలోపు ఆ నంబరు వేరేవాళ్లకు ఇవ్వరు. ఆ తర్వాత ఇవ్వొచ్చు.
- 120 రోజులు: వాడని వాట్సాప్ ఖాతా సాధారణంగా తొలగిపోతుంది.
- ఏడాది: వాడని యూపీఐ ఐడీ ఆగిపోతుంది.
- రెండేళ్లు: బ్యాంకు ఖాతా ఇనాపరేటివ్ (వాడకం లేక స్తంభించిన ఖాతా) అవుతుంది. గూగుల్ ఖాతాను కూడా తొలగించే వీలుంది.

మొదటి రెండూ కలిపితే 180 రోజులు. అంటే ఆరు నెలలు దాటి లోపలున్న మనిషి పాత నంబరు ఇప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్ల చేతిలో ఉండొచ్చు. ఈ ఒక్క లెక్కే తర్వాతి దశల్లో చాలా నిర్ణయాలను మార్చేసింది.

గేటు దగ్గర నుంచి చేయాల్సిన వరుస ఇది:

1. జైల్లో డిపాజిట్ చేసిన వస్తువుల్లో ఫోన్, సిమ్ ఉన్నాయా చూడాలి. పోలీసులు పంచనామాలో రాసుకుని ఉంటే లాయర్ ద్వారా పిటిషన్ వేయాలి (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్ 497 లేదా 503, పాత సీఆర్పీసీలో 451, 457). దాని కోసం మిగతా పనులు ఆపకూడదు.
2. పాత నంబరుకు వేరే ఫోన్ నుంచి కాల్ చేయాలి. ఎవరైనా ఎత్తితే "ఇది ఎవరి నంబరండీ?" అని అడిగి పెట్టేయాలి. కేసు మాట ఎత్తకూడదు.
3. నంబరు బతికుంటే, ఆధార్‌తో ఆ కంపెనీ స్టోర్‌కు వెళ్లి డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి.
4. చచ్చిపోతే, లేదా వేరేవాళ్ల చేతికి పోయి ఉంటే, సొంత పేరు మీద కొత్త సిమ్ తీసుకుని ఆధార్ కేంద్రంలో మొబైల్ నంబరు మార్పించాలి. 2025 అక్టోబరు నుంచి దీనికి 75 రూపాయలు. కాగితాలు అక్కర్లేదు, వేలిముద్ర చాలు. ఊళ్లలో పోస్ట్‌మ్యాన్ కూడా చేస్తాడు.
5. ఆధార్‌లో నంబరు మారాకే బ్యాంకు. ఇనాపరేటివ్ ఖాతాను కేవైసీ ఇచ్చి ఉచితంగా తెరిపించుకోవచ్చు. అలాంటి ఖాతాలో మినిమం బ్యాలెన్స్ లేదని జరిమానా కోయకూడదని ఆర్బీఐ చెప్పింది. కౌంటర్‌లో అడిగితే ఈ మాట చెప్పాలి.
6. యూపీఐ చివర్లో.

వరుస తప్పితే ప్రతి కౌంటర్‌కూ రెండుసార్లు తిరగాలి. ముందు బ్యాంకుకు వెళ్తే కొత్త నంబరు ఆధార్‌తో కలవలేదని వెనక్కి పంపుతారు.

ఇక్కడ దెబ్బతినే చోట్లు:

సిమ్ మార్చిన మొదటి 24 గంటలు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. మోసగాళ్లు వేరేవాళ్ల నంబరుకు సిమ్ తీసుకుని ఓటీపీలు కొట్టేయకుండా పెట్టిన నియమం అది. ఇది చెప్పకపోతే ఓటీపీ రాలేదని షాపులో ఇంకో కొత్త సిమ్ తీసుకుంటారు. అప్పుడు బతికున్న పాత నంబరు మళ్లీ మూలన పడుతుంది. సిమ్ మార్చిన రోజు ఓటీపీ పని ఏదీ పెట్టుకోకూడదు. అలాగే సిమ్ మార్చిన 7 రోజుల్లోపు వేరే కంపెనీకి పోర్ట్ కూడా కాదు.

ఆధార్ కార్డు పోయి, అంకెలు గుర్తులేక, లింకైన నంబరు కూడా లేకపోతే దారి మూసుకుపోయినట్టు కనిపిస్తుంది గానీ పోలేదు. ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో వివరాలు వెతికి ప్రింటు ఇస్తారు.

డిపాజిట్‌లో ఉన్న స్మార్ట్‌ఫోన్ తిరిగొచ్చి లాక్ గుర్తులేకపోతే, గల్లీ మొబైల్ షాపులో మొదట చేసేది ఫ్యాక్టరీ రీసెట్. చేయనివ్వకూడదు. రీసెట్ అయ్యాక ఫోన్ పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. అదీ గుర్తులేకపోతే, రికవరీ నంబరు చచ్చిపోయి ఉంటే ఫోన్ ఇటుకే. ముందు ఖాతా తెరుచుకుంటుందో లేదో వేరే ఫోన్‌లో చూసుకోవాలి. నెలల తరబడి చార్జింగ్ లేని బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జింగ్ కూడా పెట్టకూడదు.

మన పేరు మీద సిమ్ తీసి ఇవ్వడం. అందరికీ తోచే దొడ్డిదారి ఇదే, వద్దు. ఒకరి పేరు మీద గరిష్ఠంగా 9 సిమ్‌లే. అది దాటితే 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద జరిమానా. పైగా ఆధార్, బ్యాంకు కేవైసీలో అతని పేరు, సిమ్ మీద మన పేరు ఉంటే ఏ పనీ కలవదు. అతని పేరు మీద ఇప్పటికే ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూడాలి. లోపలున్నప్పుడు ఎవరైనా తీసుకుని ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

ఫోన్ విషయం. 2023 జూలైలో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్‌ను లెక్కకు ఆధారంగా తీసుకున్నాం. 4జీ కీప్యాడ్ ఫోన్, యూపీఐ ఉంది, అప్పటి రీచార్జ్ 28 రోజులకు 123. దీంట్లో జియో సిమ్ తప్ప వేరేది పనిచేయదు. పాత నంబరు వేరే కంపెనీదై బతికుంటే ఈ ఫోన్ కొనకూడదు. పోర్ట్ చేద్దామంటే పైన చెప్పిన 7 రోజులు అడ్డం. దీనికి తిరగేసిన ఇబ్బంది కూడా ఉంది: ఇంట్లో పడున్న పాత 2జీ నోకియాలో జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు.

ఇప్పటిదాకా ఒక్కొక్కరికి (మూడు నెలల లెక్క):
- ఫోన్ 999
- 28 రోజుల రీచార్జ్‌లు 3 × 123 = 369 (మొత్తం 1,368)
- ఆధార్‌లో నంబరు మార్పు 75 (మొత్తం 1,443)

దశ 3: 154 నుంచి 47కు

మొదట రాసిన మెసేజ్ ఇది:

"నమస్తే. మీ కేసు వాయిదా 14-07 మంగళవారం ఉదయం 10.30 గంటలకు నాంపల్లి కోర్టులో ఉంది. ఆధార్, బెయిల్ కాగితాలు వెంట తెచ్చుకోండి. రాకపోతే వారంట్ వచ్చే అవకాశం ఉంది."

చదవడానికి బాగుంది. రెండు విధాలుగా పనికిరాలేదు.

ఒకటి, పొడవు. తెలుగు ఎస్సెమ్మెస్ యూనికోడ్‌లో పోతుంది. ఒక్క భాగానికి 70 గుర్తులు, దాటితే భాగానికి 67 చొప్పున. కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది ఫోన్‌కు ఒక్కటి కాదు. గుణింతం, పొల్లు, సున్నా, ఒత్తు అన్నీ విడివిడిగా పడతాయి. "స్త్రీ" అంటే 6. పై మెసేజ్ ఖాళీలతో కలిపి 154, అంటే 3 భాగాలు. మనిషికి మూడు రెట్ల ఖర్చు. నాసిరకం సిగ్నల్‌లో భాగాలు ముందూ వెనకా చేరడం అదనం.

రెండు, అందులో ఉన్న మాటలు. కేసు, బెయిల్, వారంట్, కోర్టు. నంబరు చేతులు మారి ఉంటే అవి పరాయివాళ్లకు చేరతాయి. మారకపోయినా లాక్ తెర మీద మొదటి వరుసలోనే కనపడతాయి.

కుదించిన మెసేజ్:

"మీ తేదీ 14-07 మంగళవారం, 10.30. కాగితాలు తెండి."

46 గుర్తులు. వారాల పేర్లలో పొడుగైనది శుక్రవారం, దాంతో 47. పంపేవాళ్ల పేరు మెసేజ్‌లోనే కనపడాలని టెలికాం కంపెనీలు పట్టుబడతాయి కాబట్టి చివర ఖాళీ, పేరు చేర్చాలి. ఖాళీతో 48, పేరుకు మిగిలింది 22. సంస్థ పేరులో ఖైదీ, జైలు అనే మాటలుంటే ఈ కుదింపంతా వృథా. పేరు ఇంకా పెట్టుకోనివాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మెసేజ్ పైన కనిపించే ఆరక్షరాల హెడర్ కూడా ఆ పేరు నుంచే తీయాలి.

నమోదు వరుస: సంస్థను డీఎల్‌టీలో (మెసేజ్‌లు పంపే సంస్థలను టెలికాం కంపెనీలు నమోదు చేసుకునే వ్యవస్థ) నమోదు చేయాలి, హెడర్ తీసుకోవాలి, మెసేజ్ నమూనాను ఆమోదింపజేయాలి, ఆ తర్వాతే పంపాలి. నమోదు రుసుము సాధారణంగా 5,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 5,900. కంపెనీని బట్టి తేడా ఉంటుంది.

ఆమోదం వచ్చాక కూడా మెసేజ్‌లు పోకపోవడానికి ఎక్కువసార్లు కారణం కంటికి కనపడదు. "కోర్ట్‌లో" అని టైప్ చేస్తే పొల్లు తర్వాత ఒక అదృశ్య గుర్తు పడుతుంది. నమూనాలో అది ఉండి, పంపేదాంట్లో లేకపోతే రెండూ ఒకటి కాదని వ్యవస్థ ఆపేస్తుంది. "కోర్టులో" అని అచ్చుతో రాస్తే ఆ బెడదే లేదు. ఐత్వంతోనూ ఇదే గొడవ: కొన్ని కీబోర్డులు దాన్ని ఒక గుర్తుగా, కొన్ని రెండుగా వేస్తాయి. నమూనాను, పంపే పాఠాన్ని ఒకే చోట నుంచి కాపీ చేసుకోవాలి, మళ్లీ టైప్ చేయకూడదు. మారే భాగం ఒక్కోటి 30 గుర్తులు దాటకూడదు. "మంగళవారం, 10.30" అంటే 15, ఇబ్బంది లేదు.

పంపే వేళ కూడా మార్చాం. ముందు 7 రోజులు, 1 రోజు, ఆ రోజు ఉదయం 7 గంటలకు అనుకున్నాం. అడ్డా మీద కూలికి పోయేవాళ్లు ఉదయం 7కు అప్పటికే ఏదో లారీ ఎక్కేసి ఉంటారు. మేస్త్రీతో మాట ముందు రోజు సాయంత్రమే అయిపోతుంది. అందుకే మూడోదాన్ని ముందు రోజు సాయంత్రం 5కు, రెండోదాన్ని 3 రోజుల ముందుకు జరిపాం. చార్జీలు చూసుకోవడానికి ఆ మూడు రోజులు కావాలి.

నెలకు ఒక వాయిదా, 50 మంది అనుకుంటే: పాత మెసేజ్‌తో 50 × 3 × 3 = 450 భాగాలు, కొత్తదాంతో 150. నమోదు రుసుము 50 మందికి పంచితే తలా 118.

మొత్తం 1,443 + 118 = 1,561.

దశ 4: తేదీ ఎక్కడి నుంచి వస్తుంది

ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ తప్పులు దొర్లే చోటు ఇదే. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు ఇక్కడ కేసు కాగితాలు చదవడం నేర్చుకోవాలి, తప్పదు.

ప్రతి కేసుకూ 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, చివరి 4 సంవత్సరం. కోర్టు కేసుల వివరాలు చూపే అధికారిక ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో 'మై కేసెస్' జాబితాలో అన్ని సీఎన్ఆర్‌లూ చేర్చుకుని రోజూ రిఫ్రెష్ చేస్తే తేదీలు మారతాయి. ఒకే ఫోన్ మీద నడిపి, వారానికోసారి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. నెట్ లేనివాళ్లయితే ఈకోర్ట్స్ అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, సీఎన్ఆర్ రాసి 9766899899కు ఎస్సెమ్మెస్ పంపితే వివరం వస్తుంది. సున్నా బదులు ఓ అక్షరం కొట్టడమే ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు.

జాబితా తప్పే తీరులు:

1. బెయిల్ పిటిషన్‌కు విడిగా సీఎన్ఆర్ ఉంటుంది. బెయిల్ రాగానే అది 'డిస్పోజ్డ్' (పరిష్కారమైంది) అని చూపిస్తుంది. చేతిలో ఉన్న కాగితం బెయిల్ ఆర్డరే కాబట్టి దాని నంబరే ఎక్కిస్తారు. జాబితా ఆ మనిషి కేసు ముగిసిందనుకుంటుంది. అసలు కేసు అప్పటికి మొదలే కాలేదు.
2. చార్జిషీటు పడేదాకా అసలు కేసుకు కోర్టులో నంబరు ఉండదు. అప్పటిదాకా ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు రాసుకుని పదిహేను రోజులకోసారి వెతకాలి.
3. సెషన్స్ కోర్టు విచారించాల్సిన కేసు మొదట మేజిస్ట్రేట్ దగ్గర పీఆర్‌సీగా (సెషన్స్‌కు పంపేముందు నమోదయ్యే ప్రాథమిక కేసు) ఉంటుంది. కమిట్ అయ్యాక, అంటే సెషన్స్ కోర్టుకు పంపాక, ఎస్‌సీ (సెషన్స్ కేసు) నంబరు, కొత్త సీఎన్ఆర్ వస్తాయి. పాతది మళ్లీ 'డిస్పోజ్డ్'.
4. జడ్జి సెలవులో ఉంటే తేదీ ఆ రోజే మారుతుంది. ముందు రోజు సాయంత్రం పంపిన మెసేజ్ అప్పటికే చేరి ఉంటుంది. అయినా వెళ్లమనే చెప్పాలి. వెళ్లి హాజరు వేయించుకుని కొత్త తేదీ రాసుకుంటే నష్టం ఒక రోజు కూలి. వెళ్లకపోతే వారంట్.

దీంతో పెట్టుకున్న నియమం: 'డిస్పోజ్డ్' అని కనిపించిన ఏ పేరునూ జాబితా నుంచి యాంత్రికంగా తీయకూడదు. లాయర్‌నో, న్యాయ సేవాధికార సంస్థ తరఫున సాయం చేసే పారా లీగల్ వాలంటీర్‌నో అడిగాకే.

సైట్ నుంచి తేదీలను ప్రోగ్రామ్‌తో లాగే ప్రయత్నం మానుకున్నాం. చూసేది మనిషేనా అని ప్రతిసారీ పరీక్షించే క్యాప్చా ఉంది. 50 పేర్లకు చేత్తో చూసుకోవడం పెద్ద పనేమీ కాదు.

దశ 5: చదవలేనివాళ్లకు గొంతు

చవక కీప్యాడ్ ఫోన్లలో కొన్నింట్లో తెలుగు మెసేజ్ డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది. చదువు రానివాళ్లకు ఏ లిపి అయినా ఒకటే. అందుకే మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వచ్చి తేదీ చెప్పే ఏర్పాటు. లైసెన్స్ ఉన్న క్లౌడ్ టెలిఫోనీ (ఇంటర్నెట్ ద్వారా కాల్స్ నడిపే) సేవ తీసుకోవాలి. ఇంట్లో సిమ్ బాక్స్ (చాలా సిమ్‌లు ఒకేసారి నడిపే పెట్టె) పెట్టి ఇంటర్నెట్ కాల్స్‌ను మొబైల్ నెట్‌వర్క్‌కు కలపడం నేరం. ఖైదీలకు సాయం చేయబోయి ఆ కేసులో ఇరుక్కోవడం ఎందుకు?

రికార్డింగ్: 8 కిలోహెర్ట్జ్, మోనో, 16 బిట్. సెకనుకు 16 వేల బైట్లు, 20 సెకన్లకు 320 కిలోబైట్లు. ఫ్యాన్ ఆపి రికార్డు చేయాలి. ఫోన్ లైన్‌లో ఫ్యాన్ మోత గొంతును మింగేస్తుంది.

మెనూ ఇప్పుడు ఇలా ఉంది: "వాయిదా ఎప్పుడో తెలియాలంటే ఒకటి నొక్కండి. లాయర్ కావాలంటే రెండు. మనిషితో మాట్లాడాలంటే మూడు."

పని ముందు, అంకె తర్వాత. "ఒకటి నొక్కితే వాయిదా" అని మొదలుపెడితే పని వినేసరికి అంకె మర్చిపోతారు. మూడుకు మించి పెట్టలేదు. టచ్ ఫోన్ వాళ్లు చెవి దగ్గర నుంచి ఫోన్ తీసి కీప్యాడ్ తెరిచేలోగా సమయం అయిపోతుంది కాబట్టి ఎదురుచూసే గడువు 10 సెకన్లు చేసి, మెనూ రెండోసారి చెప్పిస్తున్నాం. హైదరాబాద్‌లో ఉర్దూ రికార్డింగ్ తప్పనిసరి. పుస్తకాల ఉర్దూ కాదు, పాతబస్తీలో మాట్లాడే దక్కనీ.

రెండు నొక్కితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గురించి, జాతీయ హెల్ప్‌లైన్ 15100 గురించి చెబుతుంది. కస్టడీలో ఉన్నారన్న కారణంతో దొరికిన ఉచిత లాయర్ అర్హతను బయటికొచ్చాక ఆదాయం, కులం, స్త్రీలు లాంటి వేరే కారణాల మీద చూస్తారు. ఈ మార్పు రికార్డింగ్‌లో స్పష్టంగా ఉండాలి.

తేదీ చెప్పేముందు కార్డు మీద ఉన్న 4 అంకెల కోడ్ అడుగుతుంది. పుట్టిన సంవత్సరం పెట్టి చూశాం. ఆధార్‌లో ఎంతోమందికి జనవరి 1 పడినట్టే సంవత్సరం కూడా అంచనాగా పడి ఉంటుంది, చాలామందికి అదేదో తెలియదు. కోడ్ సరిపోయాక మాత్రమే కోర్టు పేరు, రాకపోతే వారంట్ అన్న మాట వినిపిస్తాయి. మెసేజ్‌లో తీసేసిన ఈ రెండు ముక్కలూ ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే. 2020లో ప్రచురితమైన న్యూయార్క్ అధ్యయనంలో మెసేజ్‌లతో కోర్టుకు రానివాళ్లు 21 శాతం తగ్గారు. అక్కడ మెరుగ్గా పనిచేసినవి రాకపోతే ఏమవుతుందో, ఎలా రావాలో రెండూ చెప్పినవి.

అదే కాల్ చివర ఒక వాక్యం: సిమ్ గానీ, బ్యాంకు ఖాతా గానీ ఎవరికీ అద్దెకివ్వొద్దు. డబ్బు ఇబ్బందిలో ఉన్నవాళ్లను వెతుక్కుంటూ సైబర్ ముఠాల మనుషులు వస్తారు. అద్దెకిచ్చిన ఖాతాలో ఎవరి డబ్బు పడినా మొదటి నోటీసు ఖాతాదారుకే.

కార్డు: ఏటీఎం కార్డు సైజు, లామినేషన్‌తో 30 రూపాయలు. ముందు వైపు మిస్డ్ కాల్ నంబరు, కోడ్. జైలు పేరు, కేసు నంబరు లేవు.

మొత్తం 1,561 + 30 = 1,591.

దశ 6: స్టేషన్ సంతకానికి అలారం

కండిషన్ బెయిల్‌లో వారానికోసారి స్టేషన్‌లో సంతకం పెట్టాలని ఉంటుంది, చాలావాటిలో చార్జిషీటు పడేదాకా. దీనికి ఎస్సెమ్మెస్‌లు పంపడం మానేశాం. తేదీ మారదు, సర్వర్ అవసరం లేదు, ఫోన్‌లోని అలారమే చాలు.

1. ఆర్డర్ కాపీలో వారం, సమయం చూడాలి. లాయర్ నోటి మాట మీద పెట్టకూడదు.
2. అలారం ప్రతి వారం ఆ ఒక్క రోజే మోగేలా రిపీట్ పెట్టాలి.
3. రింగ్‌టోన్ పొద్దున లేచే అలారానికి భిన్నంగా ఉండాలి. ఒకటే అయితే నిద్రలో ఆపేస్తారు.
4. ముందు రోజు రాత్రి 8కి ఇంకోటి.
5. ఫోన్‌లో తేదీ, వారం సరిగ్గా ఉన్నాయా చూడాలి. బ్యాటరీ తీసి పెట్టిన కీప్యాడ్ ఫోన్ పాత సంవత్సరానికి వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు సోమవారం అలారం గురువారం మోగుతుంది.

ఖర్చు సున్నా. రీచార్జ్ అయిపోయినా మోగుతుంది. మొత్తం ఏర్పాటులో పాడయ్యే అవకాశం తక్కువున్న భాగం ఇదే.

దశ 7: మన దగ్గర ఏం ఉంచుకోవాలి

షీట్ రెండుగా విడగొట్టాం. పంపే షీట్‌లో కోడ్, ఫోన్ నంబరు, భాష, వచ్చే తేదీ, సమయం మాత్రమే. సీఎన్ఆర్, పేరు ఇంకో షీట్‌లో, ఇంకో పాస్‌వర్డ్‌తో. సీఎన్ఆర్ ఉంటే సెక్షన్లతో సహా ఎవరైనా చూడొచ్చు, కాబట్టి దాన్ని పేరంత జాగ్రత్తగా దాచాలి. సెక్షన్లు, జైలు పేరు అసలు రాయం. సమ్మతి పత్రం తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించాకే సంతకం. కాదన్నవాళ్లకు కార్డు, అలారం ఇచ్చి పంపొచ్చు, వాటికి మన దగ్గర డేటా అక్కర్లేదు.

నంబరు చేతులు మారిందేమో చూడడానికి: వరుసగా రెండు తేదీలకు ముందు మిస్డ్ కాల్ రాకపోతే ఆ నంబరుకు మెసేజ్‌లు ఆపి, నమోదప్పుడు ఇచ్చిన ఇంట్లోవాళ్ల నంబరుకు మనిషి కాల్ చేస్తాడు. శాశ్వతంగా రద్దయిన నంబర్లకు అధికారిక జాబితా ఉంది, నెలకోసారి దాంతోనూ సరిచూస్తాం.

తర్వాత మార్చేవి

- ఇంకా లోపలున్నవాళ్ల కోసం: ములాఖత్‌కు వచ్చే ఇంట్లోవాళ్లకు 90 రోజుల గడువు చెప్పే చీటీ. సిమ్ ఇంట్లోనే ఉంటే ఏదో ఒక ఫోన్‌లో వేసి రీచార్జ్ చేస్తుంటే నంబరు బతుకుతుంది. ఓటీపీలు కూడా వాళ్ల చేతికే వస్తాయి కాబట్టి ఎవరికి ఇవ్వాలన్నది లోపలున్న మనిషే చెప్పాలి.
- బెయిల్ వచ్చినా షూరిటీ (జామీను ఇచ్చేవాళ్లు) లేక లోపలే ఉన్నవాళ్ల జాబితా. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. ఆ తేదీకి ఇంట్లోవాళ్లకు ఒక మెసేజ్ వెళ్లేలా నమూనా రాయాలి, అదీ 70 లోపే.
- రీచార్జ్ అయిపోయే రెండు రోజుల ముందు గుర్తుచేసే అలారం, దశ 6 పద్ధతిలోనే.